ఎలుకల బెడద - యంత్రముల రక్షణ



ఎలుకలను గూర్చి ప్రసంగమేమిటని మీలో కొందరికి నవ్వు రావచ్చును. ఎలుక అనగానే మనకు వినాయకుని వాహనము జ్ఞప్తికి వస్తుంది. కలుగు, బోను, పిల్లి జ్ఞప్తికి వస్తవి. గింజలు తినే జంతువని, బట్టలు కొరికే జంతువని మాత్రమే చిన్ననాటి నుండి దానిని ఎరుగుదుము. కాని ఈనాడు మేము చెప్పబోయేది గాదెలోని ధాన్యమును గూర్చి కాదు, పెట్టెలోని పట్టుచీరను గూర్చి కాదు. పశువుల సావిడి పక్కన రేకుల కొట్టులో మీరు దాచుకున్న ఆయిలు ఇంజనును గూర్చి, ట్రాక్టరును గూర్చి, వీధి వైపు షెడ్డులో నిలిపిన కారును గూర్చి. ఇనుమును ఎలుక తినదు గదా అని మనము ధైర్యముగా ఉంటాము. ఆ ధైర్యము ఎంత ఖరీదైనదో మాకు ఒక కార్తీకమాసములో తెలిసినది. ముందు ఆ సంగతి చెప్పి, తరువాత చేయవలసిన పనులు మనవి చేస్తాము.

కొన్నేళ్ళ క్రిందట సార్వా కోతల కాలములో సెలవు మీద రాజోలు దగ్గర ఉన్న మా పెద్దమామయ్యగారి ఊరికి వెళ్ళినాము. మూడెకరముల చేను కోసినారు. పనలు ఇంకా చేలోనే ఆరుతున్నవి. బంగాళాఖాతములో వాయుగుండము పుట్టినదని రేడియోలో హెచ్చరిక వచ్చినది గాని, కుప్ప వేయడానికి కూలీలు దొరకలేదు. రాత్రి పది గంటలకు గాలి లేచినది. పన్నెండు గంటలకు వాన పట్టుకున్నది. తెల్లవారేసరికి పనలు నీటిలో మునిగి ఉన్నవి. కరెంటు అర్ధరాత్రే పోయినది కనుక మోటారు మాట లేదు. చేలోని నీటిని ఎత్తి గట్టు అవతల మురుగుకాలువలో పోయవలె. అందుకు ఉన్న ఆధారమల్లా కొట్టులోని ఆయిలు ఇంజను. దాళ్వా చివర నీరు తోడిన తరువాత, ఏడెనిమిది నెలలుగా దాని మీద గోనెపట్టా కప్పి ఉంచినారు.

నలుగురు మనుష్యులు దానిని వానలో గట్టు మీదికి మోసుకొని పోయినారు. హ్యాండిలు తిప్పినారు. ఒకరి చేతులు పడిపోతే మరొకరు తిప్పినారు. ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకున్నది. పక్క ఊరి మెకానిక్కు సైకిలు తోసుకుంటూ వచ్చేసరికి మధ్యాహ్నమైనది. ఆయన గాలి వడపోత డబ్బా మూత తీసినాడు. అందులో వరిగడ్డి, కొబ్బరిపీచు, గోనెపోగులు కలిపి అల్లిన గూడు. గూటిలో కళ్ళు తెరవని ఎలుకపిల్లలు. డీజిలు టాంకు నుండి వచ్చే రబ్బరు గొట్టము రెండుచోట్ల కొరికి ఉన్నది. ఇంజనుకు గాలి ఆడదు, డీజిలు అందదు.

మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ, “ఆయ్! ఇంజనులో తప్పేం లేదండి. తప్పంతా కొట్టులో ఉందండి” అన్నాడు.

కొత్త గొట్టము తెచ్చి బిగించేసరికి సాయంకాలమైనది. ఇంజను ఆడినది. కాని వాన మరి రెండు రోజులు విడువలేదు. నాలుగవ నాటికి పనలకు మొలకలు వచ్చినవి. మామయ్యగారు గట్టు మీద నిలబడి, ఒక కంకి చేత పట్టుకొని మాతో అన్న మాట ఇప్పటికీ మరువలేదు. “ఎలుక గింజ తింటే గంపెడు పోతుందనుకున్నాను రా అబ్బాయ్. గొట్టం కొరికితే చేనే పోయింది.”

ఆ మొదటి ఉదయమే ఇంజను ఆడి ఉంటే పంట అంతా దక్కేదని మేము అనము. కొంత దక్కేది. ఆ కొంత దక్కడము కొరకే మనము యంత్రములను కొని, కొట్టులో ఉంచుకొంటాము. ఏడాదిలో ఏ నాలుగు రోజుల కొరకు ఒక వస్తువును దాచుకున్నామో, ఆ నాలుగు రోజులలోనే అది మొరాయించడము కంటె నష్టము లేదు.

ఇక ఈ ఋతువునకు, ఎలుకలకు గల సంబంధమేమిటో విచారింతము. చలిదేశములలో కూడా శరత్కాలము రాగానే చిట్టెలుకలు కార్ల షెడ్లలోనికి, యంత్రముల కొట్లలోనికి చేరుతవి. అక్కడ వాటిని తరిమేది చలి. మన కోనసీమలో ఆ చలి లేదు. ఇక్కడ వాటిని తరిమేవి నీరు, కొడవలి. గౌతమికి, వసిష్ఠకు నడుమ, వైనతేయము చీల్చిన ఈ నేల అంతా పల్లము, మెరక అని రెండు విధములుగా ఉన్నది. పల్లములో వరిచేలు, మెరకలో కొబ్బరితోటలు, ఇళ్ళు, సావిళ్ళు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తి అయిన తరువాత కాలువలు, వాటి గట్లు, చేలగట్లు ఈ సీమ అంతటా వ్యాపించినవి. ఆ గట్లే పందికొక్కులకు కోటలు. పైరు నిలిచి ఉన్నంత కాలము తిండి, చాటు రెండూ చేలోనే దొరుకుతవి గనుక అవి ఇంటి మొగము చూడవు.

శ్రావణ భాద్రపదములలో గోదావరి పొంగి లంకలు మునిగినప్పుడు ఒక మారు, ఆశ్వయుజ కార్తీకములలో తుపాను వానలు పడినప్పుడు మరొక మారు కలుగులలోనికి నీరు వస్తుంది. పందికొక్కు చక్కగా ఈదగలదు. ఈది ఎక్కడికి చేరుతుంది? మనుష్యులు, పశువులు చేరే మెరకకే చేరుతుంది. 1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు 6 తుపానును, 2022 జూలై వరదను చూచినవారికి ఒకే మెట్ట మీద మనిషి, పశువు, పాము, ఎలుక తల దాచుకోవడము కొత్త సంగతి కాదు. వరద తీసిన తరువాత మనిషి తన ఇంటికి పోతాడు. ఎలుక మాత్రము వచ్చినచోటనే నిలిచిపోవచ్చును.

ఇది కాక కోతలు ఉండనే ఉన్నవి. ఏ చేను కోస్తే ఆ చేనిలోని ఎలుకలకు ఇల్లు, అన్నము ఒకే రోజున పోతవి. కొన్ని గట్లలో నిలుస్తవి. కొన్ని కుప్పలతో పాటు, గడ్డితో పాటు ఇంటికి వస్తవి. సావిడి పక్కన గడ్డిమేటు, దాని పక్కన యంత్రముల కొట్టు, కొట్టు గోడకు ఆనించి కొబ్బరి డొక్కల రాశి - ఇది మనలో పెక్కుమంది ఇళ్ళలోని అమరిక. ఎలుక దృష్టిలో ఇంతకంటె చక్కని రాజమార్గము మరొకటి లేదు.

ఇంటికి వచ్చేవి అన్నీ ఒక జాతివి కావు. పందికొక్కు నేల తవ్వి గోడ కింది నుండి వస్తుంది. ఇంటి ఎలుక ఎక్కడములో నేర్పరి. కొబ్బరిమట్ట మీదుగా కప్పు మీదికి దిగి పెంకుల సందున లోపలికి వస్తుంది. చిట్టెలుక మిక్కిలి చిన్నది. పెన్సిలు దూరే కన్నము ఉంటే దానికి చాలును. మన బొటనవ్రేలు దూరే కన్నమైతే ఎదిగిన ఇంటి ఎలుకకు కూడ దారి దొరికినట్లే. చుంచును మాత్రము ఈ లెక్కలో చేర్చకండి. దాని వాసన మనకు గిట్టదు గాని, అది నిజమునకు ఎలుక జాతి కాదు; పురుగులను ఏరి తినే జీవి.

ఎలుక తీగలను ఎందుకు కొరుకుతుందని అడుగుతారు. ఆకలి వలన కాదు. ఎలుక ముందరి పండ్లు దాని జీవితకాలమంతా పెరుగుతూనే ఉంటవి. ఏడాదికి నాలుగైదు అంగుళములు పెరుగుతవని చెబుతారు. ఏదో ఒకటి కొరికి వాటిని అరగదీసుకొనకపోతే అది నోరు మూయలేదు. తీగపై ఉండే ప్లాస్టిక్కు తొడుగు, రబ్బరు గొట్టము, సీటులోని స్పాంజి దాని పంటికి సరిపడే మెత్తని వస్తువులు. గూటికి కావలసిన పీచు కూడ అందులోనే దొరుకుతుంది. నాలుగు వైపుల రేకు, చీకటి, మనిషి అలికిడి లేకపోవడము - కదలని యంత్రము ఎలుకకు కట్టి ఇచ్చిన ఇల్లు. తొడుగు పోయిన రెండు తీగలు ఒకదానినొకటి తాకితే నిప్పు పుడుతుంది. పక్కనే డీజిలు, ఆ పక్కనే గడ్డి ఉన్నప్పుడు ఆ నిప్పు ఎంత దూరము పోతుందో మేము చెప్పనవసరము లేదు.

కనుక మేము విన్నవించే ముఖ్యమైన మాట ఒక్కటే. వచ్చిన ఎలుకను చంపడము కంటె, వచ్చే దారిని మూయడము మేలు. ఒక జత ఎలుకలు చంపితే ఆ చోటికి మరొక జత వస్తుంది. ఆడ ఎలుక సుమారు మూడు వారములకే ఈనుతుంది. పిల్లలు రెండు మూడు నెలలకే తల్లులవుతవి. ఆ లెక్కతో మనము పోటీ పడలేము. కన్నము మూస్తే మాత్రము, మూసినది మూసినట్లే ఉంటుంది.

ఈ పనిని జ్ఞాపకము పెట్టుకొనడానికి పంచాంగము వెదకనక్కరలేదు. ఈ ఋతువులో వరుసగా వచ్చే మూడు పండుగలను మూడు గుర్తులుగా పెట్టుకొంటే చాలును: వినాయకచవితి, దసరా, నాగులచవితి.

వినాయకచవితి నాటికి చేయవలసినది పరీక్ష. పత్రి తెచ్చిన పూట, పూజ అయిన తరువాత, కొట్టులోనికి దీపము పట్టుకొని ఒకసారి వెళ్ళండి. గోడ మూలలలో ఎలుక పెంటికలు ఉన్నవేమో చూడండి. వడ్లగింజ కంటె చిన్నవైతే చిట్టెలుక. అర అంగుళము పొడుగు ఉంటే పెద్ద ఎలుక. ఎలుకకు చూపు తక్కువ. గోడ పక్కనే మీసములు తాకించుకుంటూ నడుస్తుంది. రోజూ నడిచే దారిలో గోడకు నల్లని జిడ్డుచార ఏర్పడుతుంది. అనుమానమున్నచోట ముగ్గుపిండి పలుచగా చల్లి ఉంచితే, తెల్లవారి అడుగుజాడలు మీకే కనబడుతవి. కన్నములలో కాగితపు ఉండ దూర్చి ఉంచండి. మరునాడు ఆ కాగితము బయట పడి ఉంటే ఆ దారి నడుస్తున్నదని అర్థము. పగటివేళ తలుపు మూసి లోపల నిలబడి చూడండి. వెలుగు ఎక్కడి నుండి వస్తున్నదో ఎలుక కూడ అక్కడి నుండే వస్తుంది.

దసరా నాటికి చేయవలసినది మూయడము. తలుపు కింది సందు పావు అంగుళమునకు మించి ఉండరాదు. చెక్కతలుపు అడుగు అంచుకు, రెండువైపుల, జానెడు వెడల్పు రేకు కొట్టించండి; లేకపోతే ఎలుక ఆ చెక్కనే కొరికి సందు పెద్దది చేసుకొంటుంది. కిటికీకి, గాలి కంతలకు పావు అంగుళము కన్నుల ఇనుపజాలీ బిగించండి. దోమతెర జాలీ ఎలుకను ఆపలేదు. మోటారు తీగలు, నీటి గొట్టములు గోడలో దూరినచోట చుట్టూ మిగిలిన సందులో గిన్నెలు తోమే ఉక్కుపీచు కుక్కి, దానిపై సిమెంటు పూయండి. ఒట్టి మట్టితో పూస్తే ఒక రాత్రిలో తీసివేస్తుంది. మన పెద్దలు కలుగులో సీసాపెంకులు కలిపిన మట్టి కూరేవారు. ఆ యుక్తి తెలివైనదే. నేల మట్టినేల అయితే పందికొక్కును ఆపడము కష్టము. సిమెంటు నేల వేయించండి. అంత వీలు కానప్పుడు గోడ వెంబడి రెండడుగుల లోతున ఇనుపజాలీ పాతండి.

కొబ్బరిచెట్లకు ఎలుకల బాధ తప్పించడానికి కాండము చుట్టూ మనిషి ఎత్తున నున్నని రేకు పట్టీ కట్టే పద్ధతి మీలో తోటలు గలవారికి తెలిసినదే. ఎలుక గోళ్ళు గరుకు కాండమును పట్టుకొంటవి గాని నున్నని రేకు మీద జారిపోతవి. అయితే పక్క చెట్టు మట్టలు తాకుతుంటే ఆ పట్టీ వలన ఫలము లేదు. ఎలుక ఆ మట్ట మీదుగా దాటిపోతుంది. కొట్టు విషయము కూడ అంతే. కింద ఎన్ని కన్నములు మూసినను, కప్పు మీదికి వాలిన ఒక్క కొబ్బరిమట్ట ఉంటే చాలును, అది వంతెన. కప్పునకు మూడడుగుల దూరములో మట్ట గాని, కొమ్మ గాని లేకుండ కొట్టించండి. డొక్కలు, కట్టెలు, పాత గోనెలు గోడకు ఆనించక, రెండడుగులు ఎడముగా పేర్చండి. గడ్డిమేటు కొట్టునకు దూరముగా వేయించండి. ఆ రెండడుగుల ఖాళీ నేల దాటడము ఎలుకకు భయము. గుడ్లగూబ, పిల్లి చూచేది అక్కడే.

ఒక జాగ్రత్త. లోపల ఎలుకలు ఉండగా అన్ని దారులు ఒక్కసారే మూస్తే అవి లోపలనే చిక్కుకొని మరింత కొరుకుతవి. మూసే పని సాగుతున్న వారము రోజులు లోపల బోనులు పెట్టండి. ఇంటి ఎలుకకు కొత్త వస్తువు అంటే అనుమానము. మొదటి రెండు మూడు రోజులు బోనును ఎక్కుపెట్టకుండ, కాల్చిన ఎండుకొబ్బరి ముక్కను మాత్రము ఉంచి, అలవాటు చేయండి. తరువాత ఎక్కుపెట్టండి. బోను గది నడుమ కాదు, గోడ వెంబడి ఉండవలె. మూడు రోజులు ఏమీ పడకపోతే ఆఖరి కన్నము మూయండి.

దసరానాడు మనము యంత్రమునకు పూజ చేస్తాము. కడిగి, పసుపు కుంకుమ పెట్టి, పూలదండ వేసి, కొబ్బరికాయ కొడతాము. మంచిదే. కాని పూజ అయిన తరువాత అక్షతలు, బెల్లము, కొబ్బరిముక్క ఆ యంత్రము మీదనే వదలి తలుపు వేసి పోతాము. ఆ ప్రసాదము ఎవరికి చెల్లుతున్నదో ఆలోచించండి. సాయంకాలమునకు అన్నీ తుడిచి వేయండి. అదే పూట యంత్రమును తెరచి చూడడము కూడ పూజలో భాగముగా పెట్టుకోండి. గాలి వడపోత మూత తీసి చూడండి. రబ్బరు గొట్టములు వేలితో తడిమి చూడండి. ఇంజనును పది నిమిషములు నడపండి. కొట్టులోనే కాదు, ఆరుబయటకు తెచ్చి నడపండి. మూసిన గదిలో ఇంజను పొగ ప్రాణాపాయము.

వాడని కాలములో యంత్రమును ఎట్లా ఉంచవలెనో కూడ చెబుతాము. గాలి వచ్చే మూతికి, పొగ పోయే గొట్టమునకు చిన్న ఇనుపజాలీ ముక్క బిగించి, దానికి ఒక ఎర్రగుడ్డ కట్టండి. నడిపేముందు దానిని తీయవలెనని ఆ ఎర్రగుడ్డ గుర్తు చేస్తుంది. బాటరీ తీగలు విప్పి ఉంచండి. నూర్పిడి యంత్రములో, కోత యంత్రములో గింజ, గడ్డి లేకుండ పూర్తిగా దులపండి. మనము విడిచిన గుప్పెడు గింజలు ఎలుకకు గ్రాసము. యంత్రము మీద గోనెపట్టా కప్పకండి. అది గూటికి ముడిసరుకు. విత్తనపు బస్తాలు, తవుడు, చెక్క యంత్రమున్న గదిలో ఉంచరాదు. కారు గాని, ట్రాక్టరు గాని చాలా రోజులు నిలపవలసి వచ్చినప్పుడు, షెడ్డు గట్టిగా మూసి ఉంటే, ముందరి మూత ఎత్తి ఉంచండి. ఎలుక చీకటిని, మూతను కోరుతుంది. వెలుగు తగిలే చోట గూడు పెట్టడానికి వెనుదీస్తుంది. అన్నిటికంటె మంచి మందు, వారమునకు ఒకసారి యంత్రమును కదిలించడము. నాఫ్తలీను ఉండలను, వాసన మందులను, చెవికి వినబడని శబ్దము చేసే పెట్టెలను నమ్ముకోవద్దు. నాలుగు రోజులలో ఎలుక వాటికి అలవాటు పడుతుంది.

ఇక విషము సంగతి. ఇల్లు, పిల్లలు, పశువులు ఉన్నచోట విషము ఆఖరి ఉపాయమే గాని మొదటిది కాదు. జింకు ఫాస్ఫైడునకు, పసుపు భాస్వరము గల ఎలుకల పేస్టునకు విరుగుడు లేదు. ఆ పేస్టును పండ్లపొడి అనుకొని పిల్లలు నోట పెట్టుకొన్న ప్రమాదములు ఉన్నవి. అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళల నుండి వచ్చే వాయువు ఇంటిల్లిపాదిని బలి తీసుకొనగలదు. వాటిని ఇంటి దాపున వాడనే కూడదు. బ్రోమడయొలోను అనే మందు రక్తము గడ్డకట్టకుండ చేసి, కొన్ని రోజులలో ఎలుకను చంపుతుంది. దీనికి కే-1 విటమిను విరుగుడుగా ఉన్నది. అయినను పిల్లలకు, పెంపుడు జంతువులకు అందనిచోట, పెట్టెలో ఉంచి వాడవలె. ఒక చిక్కు ఉన్నది: విషము తిన్న ఎలుక ఇంజను సందున దూరి చనిపోతే ఆ దుర్గంధము వారము రోజులు వదలదు. అందువలన కొట్టు లోపల బోను, కొట్టు బయట మందు అని విభాగము చేసుకోండి.

మరొక ఘోరమైన అలవాటును గూర్చి చెప్పక తప్పదు. కొందరు ఎలుకల కొరకు చేలగట్ల మీద కరెంటు తీగలు లాగుతున్నారు. ఆంధ్రదేశములో అట్టి తీగలు తగిలి రైతులు మరణించిన సంఘటనలు ఉన్నవి. ఎలుక కొరకు లాగిన తీగకు ఎలుక ఏదో, మనిషి ఏదో తెలియదు. ఆ పని ఎన్నటికీ చేయకండి.

నాగులచవితి నాటికి చేయవలసినది తిరిగి చూడడము. ఆనాడు మనము పుట్టలో పాలు పోసి నాగేంద్రునికి మ్రొక్కుతాము. మరునాడు దొడ్డిలో జెర్రిపోతు కనబడితే కర్ర తీసుకొంటాము. జెర్రిపోతుకు విషము లేదు. దాని ఆహారములో ఎలుకలే ముఖ్యము. దానిని బ్రతుకనివ్వండి. గుడ్లగూబ కూసితే అశుభమని రాళ్ళు రువ్వకండి. అది రాత్రి కాపలావాడు, జీతము అడగనివాడు. అయితే ఇంటి చుట్టూ ఎలుకలు ఎక్కువైతే వాటి వెంట త్రాచు కూడ వస్తుంది. ఎలుకను ఇంటికి దూరము చేసినవాడు పామును కూడ దూరము చేసినవాడే. నాగులచవితినాడు ఈ మాట తలచుకొని, మూసిన కన్నములన్నీ ఒకసారి చూచి రండి. కోతలు ముమ్మరమయ్యే కాలము అదే. వలస వచ్చే ఎలుకలు తలుపు తట్టే కాలము అదే.

కొట్టు శుభ్రము చేసేవారికి ఒక హెచ్చరిక. ఎలుక మూత్రము వలన లెప్టోస్పైరోసిస్ అనే జ్వరము వస్తుంది; వాడుకలో ఎలుక జ్వరము అంటారు. కాళ్ళ మీది చిన్న గాయము గుండా కూడ అది ఒంటిలో ప్రవేశించగలదు. ఎలుక గూడును, పెంటికలను పొడిచీపురుతో ఊడ్చి దుమ్ము లేపకండి. బ్లీచింగు నీరు చల్లి, కొంతసేపు నాననిచ్చి, చేతులకు తొడుగులు, కాళ్ళకు బూట్లు వేసుకొని ఎత్తి పాతిపెట్టండి. వరద నీటిలో తిరిగిన తరువాత జ్వరము, కండరముల నొప్పి వస్తే ఆలస్యము చేయక వైద్యుని వద్దకు వెళ్ళి, నీటిలో తిరిగిన సంగతి చెప్పండి.

చివరకు ఒక మాట. ఒక్కరి కొట్టు మూసినంత మాత్రమున ఊరి ఎలుకలు తగ్గవు. అవి పక్కవారి కొట్టునకు పోతవి. మారుటేరులో వరిపై పరిశోధనలు చేసే కేంద్రము ఉన్నది. ఎలుకల నివారణను గూర్చి కూడ అక్కడ ఏళ్ళ తరబడి కృషి జరిగినది. ఆ శాస్త్రజ్ఞులు మొదటి నుండి చెప్పేది ఇదే: ఎలుకల మీద పని సామూహికముగా జరగవలె. ఒక ఆయకట్టులోని రైతులందరు కలిసి, పైరు పొట్టకు రాకముందే, మొదటి రోజు కలుగులన్నీ మూయవలె. రెండవ రోజు తెరచుకున్నవే ఎలుకలు ఉన్న కలుగులని గుర్తించి వాటిలో మాత్రమే మందు పెట్టవలె. కంకి వచ్చిన తరువాత చేలో పాలగింజ ఉండగా మన నూకల ఎరను ఎలుక ముట్టదు. బుట్టలు పెట్టి ఎలుకలు పట్టే నేర్పరులు మన డెల్టా గ్రామములలో తరతరములుగా ఉన్నారు. రైతులు కలిసి వారిని పిలిపించుకొంటే విషముతో పని లేకుండనే చాలా ఎలుకలు తగ్గుతవి. చేలో తగ్గిన ప్రతి ఎలుక కొట్టునకు రాని ఎలుకయే.

మా మామయ్యగారు ఆ మరుసటి ఏడు భాద్రపదములోనే కొట్టునకు సిమెంటు నేల వేయించినారు. తలుపునకు రేకు కొట్టించినారు. డొక్కల రాశి దొడ్డి చివరకు మారినది. ఇప్పుడు ఆ ఇంట ప్రతి ఆదివారము ఉదయము ఇంజను పది నిమిషములు ఆడుతుంది. ఆ చప్పుడుకు మొదట్లో విసుగుకొన్న అత్తయ్యగారు, ఒకవేళ ఏ ఆదివారమైనా అది వినబడకపోతే, “ఏమండీ, ఇవాళ ఇంజను పలకలేదేం?” అని తామే అడుగుతున్నారు.

మీ కొట్టులోని యంత్రము ఆఖరుసారి ఎప్పుడు పలికినదో ఈ పూట ఒకసారి జ్ఞాపకము చేసుకోండి. జ్ఞాపకము రాకపోతే, తెల్లవారగానే దీపము తీసుకొని వెళ్ళి చూడండి. వాయుగుండము హెచ్చరిక రేడియోలో చెప్పే వంతు మాది. ఆ హెచ్చరిక విన్న రాత్రి మీ ఇంజను పలికేటట్లు చూచుకొనే వంతు మీది.